రెండొందల గీత కాడ ఆగిపోయిన కరెంటు లెక్క

ఎండలు ముదిరినయంటే మన ఊర్లల్ల ఇప్పుడు ఒక కొత్త అలవాటు కనవడుతున్నది. నెల సగం దాటంగనే మీటర్ కాడికి పోయి చూసుడు. ఇంతకుముందు మీటర్ దిక్కు చూసేది బిల్లు కొట్టేటాయన ఒక్కడే. ఇప్పుడు ఇంటి పెద్దమనిషి నుంచి ఇంటర్ చదివే పోరని దాక అందరికి అదే ముచ్చట. ఈ నెల ఎన్ని తిరిగినయ్? రెండొందలు దాటుతదా? దాటేటట్టుంటే కూలర్ బందు, మోటర్ బందు, ఫ్రిజ్ కూడ రాత్రిపూట బందు. దాటదని తెలిస్తే మాత్రం ఎవ్వలు లేని అర్రల గూడ ఫ్యాన్ తిరుగుతనే ఉంటది.

ఒకే ఇల్లు, ఒకే మనుషులు. నెలల పదిహేను రోజులు మస్తు పొదుపు, ఇంకో పదిహేను రోజులు మస్తు దుబారా. దీన్ని చూసి పట్నంల కూసొని రాసేటోళ్లు "జనానికి అవగాహన లేదు" అని తీర్పు చెప్తుంటరు. అవగాహన లేకనా ఇది? నాకైతే ఉల్టా అనిపిస్తది. జనం లెక్క మంచిగనే చేస్తున్నరు. వాళ్ల ముంగట పెట్టిన లెక్కనే వంకరగున్నది.

ఎట్లనో చూద్దాం. తెలంగాణల గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లులు వస్తున్నయ్. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇల్లు నెలకు 200 యూనిట్ల దాక వాడుకుంటే ఒక్క రూపాయి కట్టే పని లేదు. ఆ పైసలు సర్కారు డిస్కంకు కడుతది. ఇది పేదింటికి పెద్ద ఆసరా, అండ్ల అనుమానం లేదు. కాని 200 దాటితే ఏమైతది? దాటిన యూనిట్లకే కట్టాల్నా? కాదు. మొత్తం బిల్లు నెత్తిన పడుతది.

ఇండ్ల కరెంటు రేట్లు చూడుండ్రి. వాడకం 100 దాటి 200 లోపట ఉంటే మొదటి వంద యూనిట్లకు యూనిట్‌కు 3.40, తర్వాతి వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. అదే 201 అయిందనుకో, స్లాబే మారిపోతది. మొదటి రెండొందలకు యూనిట్‌కు 5.10 పడుతది, ఆ మీదికెల్లి 7.70. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ పక్కకు పెట్టినా 1,027 రూపాయల 70 పైసలు. జీరో బిల్లు ఉన్న ఇంటికి ఆ రెండొందల ఒకటో యూనిట్ ధర అక్షరాల వెయ్యి రూపాయల పైన! పోయిన యూనిట్ పుక్యానికి వచ్చింది, ఈ యూనిట్‌కు వెయ్యి. ఇంత పిరమైన కరెంటు అంబానీ ఇంట్ల గూడ ఉండదు.

ఇట్ల లెక్క ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తడు? గీతకు ఇవతల ఉన్నన్ని రోజులు పట్టించుకోడు. గీత దగ్గరికి రాంగనే గాబరా పడుతడు. ఇండ్ల ఆయన తప్పు ఏమున్నది?

ఫ్యాన్ సంగతి తీసుకుందాం. మనింట్ల తిరిగే మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాక గుంజుతది. ఇప్పుడు బీఎల్డీసీ ఫ్యాన్లు అని వస్తున్నయ్, రిమోట్ తోని నడిచేటియి. అవి 30 వాట్ల చుట్టుపక్కలనే తీసుకుంటయ్. గాలి అంతే వస్తది. రోజుకు 12 గంటలు తిరిగిందనుకుంటే పాత ఫ్యాన్ నెలకు 27 యూనిట్లు, కొత్తది 11 యూనిట్ల లోపట. ఒక్క ఫ్యాన్ మీద 16 యూనిట్లు మిగిలినట్టు. మూడు ఫ్యాన్లు మారిస్తే 48. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు గూడ స్టార్ గుర్తు తప్పనిసరి చేసిండ్రు, డబ్బా మీద చూస్తే తెలుస్తది. మరి మండల కేంద్రంల ఎలక్ట్రికల్ దుకాణంకు పోయి చూస్తే ఇప్పటికీ ఎక్కువ అమ్ముడుపోయేది పాత రకం ఫ్యానే. ఎందుకు?

నెలకు 120 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి అనుకుందాం. ఆ ఇంటాయన మంచి మనసు తోని, ఒక్కోటి 2,800 పెట్టి మూడు కొత్త ఫ్యాన్లు తెచ్చిండు. 8,400 రూపాయలు అయినయ్. వాడకం 120 నుంచి 72కు దిగింది. ఆయనకు మిగిలింది ఎంత? సున్నా. ముందు గూడ జీరో బిల్లే, ఇప్పుడు గూడ జీరో బిల్లే. మరి ఆ 48 యూనిట్ల లాభం ఏడికి పోయింది? రేట్ల ప్రకారం 120 యూనిట్లకు 436 రూపాయలు, 72 యూనిట్లకు 166. అంటే నెలకు 270 రూపాయలు సర్కారు డిస్కంకు తక్కువ కట్టింది. ఖర్చు పెట్టింది కూలికి పోయే ఇంటాయన, మిగుల్చుకున్నది ఖజానా. ఇది తెలిసినంక గూడ ఆయన బీఎల్డీసీ ఫ్యాన్ కొనలేదని మనం తప్పు పట్టాల్నా?

ఇంకో ఇల్లు చూద్దాం. ఎండాకాలంల 230 యూనిట్లు వస్తున్నయ్. బిల్లు 1,251 రూపాయలు, పైన చార్జీలు. వీళ్లు అవే మూడు ఫ్యాన్లు పెడితే 182కు దిగుతరు. బిల్లు సున్నా. నెలకు 1,250 మిగిలినట్టు. అవే ఫ్యాన్లు, అదే పొదుపు. ఒక ఇంటికి సున్నా లాభం, ఇంకో ఇంటికి పన్నెండొందల యాభై. ఎండాకాలంల నాలుగు నెలలు గీత దాటేటోళ్లకు రెండేండ్లు తిరగకముందే ఫ్యాన్ల పైసలు వెళ్లిపోతయ్. మీ ఇల్లు ఎండాకాలంల 200కు 250కి నడుమ కొట్టుకుంటుంటే, జీవోలు మారేదాక ఎదురుచూడకుండ్రి. ముందు ఎక్కువ తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చి చూడుండ్రి. వాటర్ హీటర్ రాడ్, పాత ఫ్రిజ్, ఒక్క హెచ్‌పీ మోటర్, ఇవి ఎంత గుంజుతున్నయో గూడ ఒక వారం రాసి పెట్టుకోండ్రి. మీటర్ల అంకె పొద్దుగాల ఒకసారి, రాత్రికి ఒకసారి ఫోన్ల ఫొటో తీసుకుంటే సాలు.

జనం మారరు అనేటోళ్లకు ఒక పాత ముచ్చట గుర్తు చెయ్యాలె. పదేండ్ల కింద మన ఇండ్లల్ల గుండు బల్బు ఉండేది, 60 వాట్లు, 100 వాట్లు. ఇప్పుడు వెతికినా దొరకదు. ఎవ్వలు ఉపన్యాసం చెప్పి మార్చలేదు. 2015ల కేంద్రం ఉజాలా పథకం పెట్టి ఎల్‌ఈడీ బల్బులను కోట్లకొద్ది ఒక్కసారే టెండర్ల కొన్నది. 2014ల బల్బుకు 310 రూపాయలు ఉన్న టెండర్ ధర 2016 కల్ల 38 రూపాయలకు పడిపోయింది. 36 కోట్లకు పైగ బల్బులు పంచిండ్రు. ధర దిగింది, బిల్లు తగ్గింది, గుండు బల్బు పోయింది. గంతే. అప్పుడు ఎవ్వలు పర్యావరణం గురించి ప్రమాణం చెయ్యలేదు. ఫ్యాన్లకు గూడ అదే తీరు 2023 చివర్ల కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ కోటి ఫ్యాన్ల కార్యక్రమం మొదలువెట్టింది. మీ ఊరికి ఎన్ని వచ్చినయో మీకే ఎరుక.

ఇగ గీత దాటకుండ ఉండేందుకు జనం కనివెట్టిన ఉపాయాలు చూస్తే నవ్వు రావాల్నో, ఏడ్వాల్నో తెల్వదు. ఒకే ఇంటికి రెండు మీటర్లు. కింద ఒకటి, పైన ఒకటి. కొడుకు పెండ్లి అయిందో లేదో వేరు మీటర్‌కు దరఖాస్తు. వేరు కాపురం కాకముందే కరెంటు వేరు పడుతున్నది. ఇదంతా వాడకం తగ్గించుడు కాదు, వాడకాన్ని రెండు కుప్పలు చేసుడు. యాదాద్రి ప్లాంట్‌ల బొగ్గు అంతే కాలుతది. ఒక యూనిట్ కరెంటుకు రమారమి 700 గ్రాముల బొగ్గు కాలాలె. దామరచర్ల కాడ 4,000 మెగావాట్ల ప్లాంట్ కట్టుకున్నం కాబట్టి ఈ బొగ్గు, బూడిద ఎక్కడో వేరే రాష్ట్రం ముచ్చట కాదు, మన నల్లగొండ ముచ్చటనే.

గీత పెట్టుడు తప్పదు, సరే. కాని గీత ఇంత నిటారుగ గోడ లెక్క ఉండాల్నా? ఢిల్లీల 2019 నుంచి 200 యూనిట్ల దాక ఉచితం ఇచ్చిండ్రు, 201 నుంచి 400 దాక సగం బిల్లు మాఫీ పెట్టిండ్రు. అంటే గీత దాటినోడు ఒక్కసారే గుంతల పడడు. కర్ణాటకల గూడ గృహజ్యోతి పేరు తోనే 2023ల మొదలైంది, కాని వాళ్ల లెక్క వేరు. ఆ ఇల్లు అంతకుముందు ఏడాది సగటున ఎంత వాడుకున్నదో చూసి, దాని మీద 10 శాతం కలిపి, అంత వరకు ఉచితం అన్నరు. 80 వాడే ఇంటికి 88 ఉచితం. 100 వాడితే ఆ మీది 12 యూనిట్లకు కట్టాలె. ఇండ్ల గూడ లొసుగులున్నయ్. మొదటికెల్లి పొదుపుగ ఉన్నోనికి తక్కువ, దుబారా చేసినోనికి ఎక్కువ ఉచితం దక్కింది. రెండొందలు దాటితే అక్కడ గూడ మొత్తం కట్టాల్సిందే. అయినా 200 లోపటి ఇంటికి గూడ యూనిట్ అంటే ఒక విలువ ఉన్నది అని గుర్తుచేసే లెక్క అది. మన దగ్గర ఆ గుర్తు పూర్తిగ చెరిపేసిండ్రు.

ఇప్పుడు సోలార్ కాడికి వద్దాం, అసలు పంచాయితీ ఆడనే ఉన్నది. 2024 ఫిబ్రవరిల కేంద్రం పీఎం సూర్యఘర్ తెచ్చింది. 75,021 కోట్ల ఖర్చు తోని కోటి ఇండ్ల మీద ప్యానెళ్లు అన్నది లక్ష్యం. 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆ పైన ఎంతైనా 78,000 సబ్సిడీ. మన ఎండకు 1 కిలోవాట్ రోజుకు నాలుగు యూనిట్ల దాక ఇస్తది. మంచి పథకమే. కాని జర ఆలోచించుండ్రి, ఎవ్వలు పెట్టుకుంటరు దీన్ని?

నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి బిల్లు 1,790 రూపాయలు, ఏడాదికి ఇరవై ఒక్క వేల పైన. వాళ్లు 3 కిలోవాట్లు పెట్టుకుంటే బిల్లు దాదాపు పోతది. సబ్సిడీ పోను చేతి నుంచి లక్షా ఇరవై వేల దాక పెట్టినా ఆరేండ్లకు వెళ్లిపోతది. ప్యానెల్ పాతికేండ్లు ఉంటది. వాళ్లకు లాభమే లాభం. అదే జీరో బిల్లు ఇంటికి? వాళ్లకు ఉన్న బిల్లే సున్నా. సున్నాను ఇంకా ఎంత తగ్గిస్తరు? లోన్ తీసుకొని, కిస్తులు కట్టి, పుక్యానికి వచ్చే కరెంటును పైసలు పెట్టి తయారు చేసుకునే పిచ్చోడు ఎవ్వడు? సోలార్ కంపెనీ ఏజెంట్లు గూడ ఊర్లకు వస్తే సీదా పెద్ద డాబా ఇండ్ల కాడికే పోతున్నరు. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, కిరాయి ఇల్లు, వీళ్ల దిక్కు చూసేటోడే లేడు. చివరికి ఏమైతున్నదంటే, డెబ్బై ఎనిమిది వేల సబ్సిడీ అవసరం తక్కువున్న ఇంటి మీద ఎక్కుతున్నది. ఈ పథకంల దేశం మొత్తం మీద ముందున్నయి గుజరాత్, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, కేరళ, రాజస్థాన్. తెలంగాణ ఎండ గుజరాత్ ఎండకు ఏం తక్కువ లేదు. తేడా బిల్లుల ఉన్నది.

ఇక్కడ ఒకరు కొండారెడ్డిపల్లి పేరు ఎత్తుతరని తెలుసు. నాగర్‌కర్నూల్ జిల్లాల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. 2025ల ఊరు ఊరంతా సోలార్ అయింది, దాదాపు 480 ఇండ్ల మీద ఒక్కోదానికి 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టిండ్రు. మిగిలిన కరెంటు గ్రిడ్‌కు అమ్ముతున్నరు. మంచిదే, చూసి సంతోషపడాల్సిందే. కాని అది జరిగింది కేంద్రం సబ్సిడీ, ఒక కంపెనీ ఇచ్చిన సీఎస్ఆర్ పైసలు, సర్కారు సొమ్ము కలిస్తే. ఇంటోళ్లు జేబు నుంచి పెట్టి ఎంచుకున్నది కాదు. మన ఎండకు, మన ఇండ్లకు సోలార్ నడుస్తదని ఆ ఊరు రుజువు చేసింది. పక్క ఊరోళ్లు ఎందుకు పెట్టుకుంటలేరన్న ప్రశ్నకు మాత్రం ఆడ జవాబు లేదు. ముఖ్యమంత్రి సొంతూరు కాని ఊర్లు పన్నెండు వేల పైన ఉన్నయ్ గదా!

నాకు తోచిన లెక్క ఒకటి చెప్త. నెలకు 150 యూనిట్లు వాడే జీరో బిల్లు ఇల్లు. ఆ ఇంటి కోసం సర్కారు డిస్కంకు నెలకు 580 రూపాయలు కడుతది. ఏడాదికి 7,000 దగ్గర. ఇది ఈ ఏడు, వచ్చే ఏడు, ఆ మీది ఏడు, పథకం ఉన్నన్ని రోజులు కట్టుకుంటనే పోవాలె. అదే ఇంటి మీద 2 కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే నెలకు 200 నుంచి 240 యూనిట్లు వస్తయ్. కేంద్రం అనుకున్న ధర ప్రకారం వాటికి లక్ష రూపాయలు. అండ్ల 60,000 కేంద్రమే ఇస్తది. మిగిలేది 40,000. సర్కారు ఏడాదికి కట్టే ఏడు వేలను ఈ నలభై వేలకు మళ్లిస్తే ఆరేండ్లల్ల ఒడుస్తది. బజార్ల ధర లక్ష కన్న ఎక్కువనే ఉంటది, ఇంకో ముప్పై వేలు వేసుకోండ్రి, పదేండ్లు అనుకోండ్రి. ఆ తర్వాత పదిహేనేండ్లు ఆ ఇంటికి కరెంటు నిజంగనే ఉచితం. ఎవ్వలు గెలిచినా, ఎవ్వలు ఓడినా, పథకం ఉన్నా, ఊసిపోయినా. ఇప్పుడు ఉన్న జీరో బిల్లుకు ఆ గ్యారంటీ ఉన్నదా? సర్కారు మారితే పేరు మారుతది, పేరు మారితే కార్డు మారుతది, కార్డు మారితే మళ్ల లైన్ల నిలవడాలె.

ఇండ్ల ఇబ్బందులు లేవని అంటలేను. సోలార్ పగటిపూట ఇస్తది, మన ఇంట్ల వాడకం పొద్దుగూకినంక. పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకుంటం, అంటే డిస్కం మనకు పుక్యానికి బ్యాటరీ లెక్క పనిచెయ్యాలె. వాళ్లు మొహం మాడ్చుకునేది అందుకే. ప్యానెల్ మీద దుమ్ము పడితే తుడవాలె. ఇగ కోతులు! సర్వే చేసే ఇంజినీర్లకు తెల్వదు గని, డాబా మీద ఏది పెట్టినా కోతుల గుంపు ఎట్ల ఆడుకుంటదో ఊర్లోళ్లను అడిగితే తెలుస్తది. పెంకుటిండ్లోళ్లకు పంచాయతీ జాగల, బడి మీద, ఊరందరికి కలిపి ఒకటే పెద్ద ప్లాంట్ పెట్టి వాటాలు పంచే దారి చూడాలె. ఇవన్నీ తీర్చుకోదగ్గ తిప్పలే.

పక్క రాష్ట్రం ఆంధ్రల ఈ దిక్కు ఒక అడుగు పడ్డది. అక్కడ ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు ఉచిత కరెంటు ముందుకెల్లి ఉన్నది. ఇప్పుడు వాళ్ల ఇండ్ల మీద 2 కిలోవాట్ల ప్యానెళ్లు ఉచితంగ పెడుతమని, బీసీలకు కేంద్రం ఇచ్చే 60,000 మీద ఇంకో 20,000 ఇస్తమని అక్కడి సర్కారు చెప్పింది. చెప్పినంత జరుగుతదా లేదా అన్నది చూడాలె. కాని ఆలోచన సరైనది. ఏటా బిల్లు మాఫీ చేసే బదులు ఇంటి మీదికే ఆస్తిని ఎక్కించుడు.

పోరగాళ్లు ఎక్కువ అడిగేది మాత్రం ఎలక్ట్రిక్ బండి గురించి. ఇండ్ల గూడ రెండొందల గీత అడ్డం వస్తది. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే బండి నెలకు 900 కిలోమీటర్లు. పెట్రోల్ బండి లీటర్‌కు 50 ఇచ్చినా 18 లీటర్లు కావాలె, మన దగ్గర లీటర్ 107 అనుకుంటే 1,900 దాటుతది. ఎలక్ట్రిక్ స్కూటీకి రోజుకు యూనిట్ పడుతది, నెలకు 30. మీ ఇంట్ల ముందే 160 తిరుగుతుంటే ఈ 30 గూడ జీరోలనే కలిసిపోతది. ముందే 190 తిరుగుతుంటే 220 అయి, 1,174 రూపాయల బిల్లు వస్తది. అయినా పెట్రోల్ ఖర్చు కన్న ఏడొందలు తక్కువనే. చానమంది "బిల్లు వస్తది" అన్న భయం తోనే ఆగిపోతున్నరు, ఈ రెండో సగం లెక్క చేస్తలేరు. తెలంగాణల 2024 నవంబర్ నుంచి 2026 చివరి దాక ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ గూడ ఉన్నది. కాని కొనే ముందు ధర కన్న ముందుగ అడగాల్సింది సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరం అని. బండి చెడిపోతే ఆటోల ఎక్కించుకొని 60 కిలోమీటర్లు పోవాల్సి వస్తే, మిగిలిన ఏడొందలు ఆడనే పోతయ్. బ్యాటరీ వారంటీ ఎన్నేండ్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నది కాయిదం మీద రాయించుకోండ్రి, నోటి మాట నమ్మకుండ్రి.

ఇండ్ల కన్న పెద్ద లెక్క బాయిల కాడ ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంల 2004 నుంచి సాగుకు ఉచిత కరెంటు, తెలంగాణల 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. పాతిక లక్షలకు పైగ మోటర్లు. దేశంల చాన రాష్ట్రాలల్ల కరెంటు గిరాకీ నడి ఎండల, ఏసీల తోని పెరుగుతది. మన దగ్గర యాసంగి వరి పొట్టకొచ్చే ఫిబ్రవరి, మార్చిల్నే పెరుగుతది. 2025 మార్చిల 17 వేల మెగావాట్లు దాటింది. పొలానికి పోయే మోటర్ సంగతి అందరికి తెలిసిందే. రెండు మూడుసార్లు వైండింగ్ చేయించిన మోటర్ కరెంటు ఎక్కువ గుంజుతది, నీళ్లు తక్కువ పోస్తది. స్టార్ ఉన్న మోటర్ పిరం. కరెంటుకు బిల్లే లేనప్పుడు పిరం మోటర్ ఎందుకు కొనాలె? వైండింగ్ షాపోనికి మూడు వేలు ఇస్తే పని అయితది. ఆటో స్టార్టర్లు తియ్యుండ్రి అని అధికారులు చెప్పి చెప్పి అలసిపోయిండ్రు. కరెంటు ఎప్పుడు పోతదో అన్న భయం ఉన్నన్ని రోజులు ఆ డబ్బా ఊడదు. రైతు అజ్ఞానం కాదు ఇది, అనుభవం.

దీనికి పంజాబ్‌ల 2018ల ఒక మంచి ప్రయోగం మొదలువెట్టిండ్రు. "పానీ బచావో, పైసా కమావో" అని పేరు. అక్కడ గూడ సాగు కరెంటు ఉచితమే. ఇష్టమున్న రైతు మోటర్‌కు మీటర్ పెట్టుకుంటడు, కాని బిల్లు రాదు. ఆయనకు ఇన్ని యూనిట్లు అని ఒక కోటా కడుతరు. దాని లోపట ఎంత మిగిలిస్తే యూనిట్‌కు 4 రూపాయల చొప్పున ఖాతాల వేస్తరు. కోటా దాటినా జుర్మానా లేదు. చూడుండ్రి, ఎంత సీదా ముచ్చటనో. ఉచితం ఉచితంగనే ఉన్నది, యూనిట్‌కు విలువ గూడ వచ్చింది. మన దగ్గర "మోటర్లకు మీటర్లు" అంటేనే ఊర్లు భగ్గుమంటయ్, అందుకు కారణం ఉన్నది. మీటర్ ముందు వస్తది, బిల్లు ఎనుక వస్తది అన్నది రైతు అనుమానం. ఆ అనుమానం పోవాలంటే మీటర్ కన్న ముందు పైసలు ఖాతాల పడాలె.

ఇదే లెక్కను ఇండ్లకు తెస్తే ఎట్లుంటది? 200 యూనిట్లు ఉచితం అట్లనే ఉంచుండ్రి. 120 వాడే ఇల్లు 72కు దిగితే సర్కారుకు మిగిలే 270 రూపాయలల్ల సగం ఆ ఇంటికి ఇయ్యుండ్రి. ఆ ఇంటాయన రెండేండ్లల్ల ఫ్యాన్ కిస్తుల మీద కొంత భాగం కట్టేసుకుంటడు. 200 దాటినోనికి దాటిన యూనిట్లకే బిల్లు వెయ్యుండ్రి, మొత్తానికి కాదు. అప్పుడు ఒకే ఇంటికి రెండు మీటర్ల అవసరమే ఉండదు.

ఇక్కడ ఒక మాట పట్నం పెద్దమనుషులకు. ఉచితాల తోని జనం సోమరులైండ్రు, కరెంటు దండుగ చేస్తున్నరు అని టీవీలల్ల మాట్లాడేటోళ్ల ఇంట్ల మూడు ఏసీలు, రెండు గీజర్లు ఉంటయ్. నెలకు 800 యూనిట్లు ఒక్క ఇల్లు తింటది. పైసలు కడుతున్నం గదా అంటరు. కడుతరు, నిజమే. కాని బొగ్గు బిల్లు చూసి కాలదు. 70 యూనిట్ల తోని నెల ఎల్లదీసే గుడిసెల ముసలవ్వకు పొదుపు పాఠం చెప్పే హక్కు ఆ 800 యూనిట్ల ఇంటికి ఉన్నదా? సర్కారు ఏటా గృహజ్యోతికి పెట్టేది రెండు వేల కోట్ల చుట్టుపక్కల. అది ఎక్కువా, తక్కువా అన్న కొట్లాట అసెంబ్లీల నడుస్తనే ఉంటది. ఆ పైసల తోని ఏం కొంటున్నం అన్నది ఎవ్వలు అడుగుతలేరు. బొగ్గు కరెంటును నెలనెలా కొని పంచుతున్నమా, లేకపోతే ఇంటి మీద పాతికేండ్లు ఉండే ప్యానెల్ కొంటున్నమా?

అడిగేందుకు జాగ గూడ ఉన్నది, చానమందికి తెల్వదు. ప్రతి ఏడు డిస్కంలు, హైదరాబాద్ దిక్కు దక్షిణ డిస్కం, వరంగల్ దిక్కు ఉత్తర డిస్కం, తమ ఖర్చుల లెక్క, కొత్త రేట్ల ప్రతిపాదన ఈఆర్సీకి ఇస్తయ్. ఈఆర్సీ ఆ కాయిదాలను బయట పెట్టి, అభ్యంతరాలు రాయుండ్రి అని పేపర్ల ప్రకటన ఇస్తది. తర్వాత బహిరంగ విచారణ పెడుతది. ఎవ్వలైనా రాయొచ్చు, ఎవ్వలైనా పోయి మాట్లాడొచ్చు. తెలుగుల రాసినా నడుస్తది. ఇన్నేండ్ల నుంచి ఆడ మాట్లాడేది ఫ్యాక్టరీల వకీళ్లు, రైతు సంఘాల పెద్దమనుషులు కొందరు, అలవాటుగ వచ్చే నలుగురైదుగురు మేధావులు. జీరో బిల్లు ఇంటి నుంచి, ఫోన్ల లెక్క చెయ్యవచ్చిన పోరడో పోరినో పోయి "201వ యూనిట్‌కు వెయ్యి రూపాయలు ఎందుకు పడుతున్నది, రెండొందల లోపట నేను మిగిల్చిన యూనిట్ ఏడికి పోతున్నది" అని అడిగినట్టు నేను వినలేదు. ఈసారి ప్రకటన వచ్చినప్పుడు మీ ఇంటి మూడు నెలల బిల్లులు జతచేసి ఒక పేజీ రాసి పంపుండ్రి. అభ్యంతరానికి డిస్కం రాతపూర్వకంగ జవాబు ఇయ్యాల్సి ఉంటది.